బండి రాసుకున్న గురువారాలు

హిందూపురంలో సొంత కారు ఉండి, దాన్ని నడపడం చేతకాని నాలాంటివాళ్లు చాలామంది ఉన్నారు. పెళ్లికో ఆసుపత్రికో పోవలసి వస్తే ఒక పూటకు డ్రైవరును పిలిపించుకుంటాం. ఇలా ఎవరు పిలిస్తే వాళ్ల బండి నడిపిపెట్టి, సాయంత్రానికి తాళం చేతికిచ్చి పోయేవాళ్లను మా ఊళ్లో యాక్టింగ్ డ్రైవర్లంటారు. వాళ్లలో అందరికంటే ముందు పిలుపు వచ్చేది బుడన్‌సాబ్‌కు. ఇప్పుడు రాదు. ఎందుకు రాదో చెప్పడానికే ఇది రాస్తున్నాను, కోపంతోనే రాస్తున్నాను. నేను హెడ్మాస్టరుగా చేసి రిటైరైనవాణ్ని. చేతిలో బెత్తం ఉన్నన్నాళ్లూ నా కోపం దేనికో ఒకదానికి పనికొచ్చింది, ఇప్పుడు ఎవరికీ పనికిరావడం లేదు.

బుడన్‌సాబ్‌కు యాభై ఏడేళ్లు. సన్నటి మనిషి, గోరింటాకు పెట్టిన గడ్డం, ఎప్పుడూ ఉతికిన తెల్లచొక్కా. పదహారో ఏట లారీ క్లీనరుగా చేరి, చింతపండు లోడ్లతో ఊళ్లన్నీ తిరిగి, నడుము పోయాక లారీ వదిలేసి కార్లకు వచ్చాడు. భార్య జమ్రూద్ ఇంట్లో జాకెట్లు కుడుతుంది. కూతుళ్లిద్దరికీ పెళ్లిళ్లయిపోయాయి.

అతనికొక అలవాటు ఉండేది. ఎవరి బండి ఎక్కినా ముందు లోపలి అద్దాన్ని పైకి తిప్పేసేవాడు, వెనక సీట్లో వాళ్ల ముఖాలు కనబడకుండా. వెనక వచ్చే బండ్లను పక్క అద్దాల్లోనే చూసుకునేవాడు. ఇదేం పనయ్యా అని మొదట్లో నేను కసిరాను.

"వెనక కూసున్నోళ్ల మొగం మనకేంటికి సార్? ఏడ్సేటోళ్లుంటారు, కొట్లాడేటోళ్లుంటారు. మనం జూడాల్సింది రోడ్డు" అన్నాడు.

ఊళ్లో సగం ఇళ్ల గుట్టు అతనికి తెలుసు. ఎవరి కొడుకును ఏ తాగుడు మాన్పించే ఆసుపత్రికి తీసుకుపోయాడో, ఏ అన్నదమ్ములు రిజిస్ట్రారు ఆఫీసు నుంచి మాట్లాడుకోకుండా తిరిగొచ్చారో, అన్నీ తెలుసు. నాకు ఊరి కబుర్లంటే చెవి కోసుకునే జబ్బు. నిన్న ఎవరితో పోయావని ఎన్నిసార్లు కూపీ లాగినా "రోడ్డు బాగుండాది సార్" అనేవాడు. అంతకుమించి ఒక్క ముక్క రాలేది కాదు. ఆడవాళ్లు ఒంటరిగా ప్రయాణం పెట్టుకుంటే అతన్నే పిలిచేవాళ్లు. ఆ నమ్మకమే అతని ఆస్తి.

సోమందేపల్లి అవతల ఒక పల్లెలో నారాయణ అని పెద్ద రైతు ఉన్నాడు. వేరుశనగ పండే మెట్ట, కాస్త మల్బరీ తోట. మాట మీద నిలబడే మనిషని ఆయనకు పేరు. నన్నడిగితే వట్టి మొండివాడు. భార్య నీలావతమ్మ. ఒక్కతే కూతురు యామిని, బీఎస్సీ చదివింది. ఆ పిల్లను బెంగళూరులో ఉద్యోగం చేసే నరేష్‌కిచ్చి పెళ్లి చేశారు.

ఆ ఇంట్లో ఏది కొన్నా అల్లుడి చేతి మీదుగా తీసుకోవాలని ఒక పట్టింపు. బోరు వేసినా అల్లుడే కొబ్బరికాయ కొట్టాలి, ట్రాక్టరు తెచ్చినా అల్లుడే తాళం అందుకోవాలి. మూడేళ్ల కిందట కొత్త కారు కొన్నప్పుడూ అంతే. దాన్ని ఇంటికి నడిపి తేవడానికి బుడన్‌సాబ్‌ను పిలిచారు. షోరూము ముందర చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, గుమ్మడికాయ పగలగొట్టారు, నరేష్ నవ్వుతూ తాళం అందుకుని ఫోటో దిగాడు. అప్పుడు షోరూము అమ్మాయి కాగితాలు పట్టుకుని వచ్చి, ఈ బండికి ఫోన్లో యాప్ ఉంటుంది, ఎవరి నంబరు పెట్టమంటారు అని అడిగింది. నారాయణ దగ్గర బటన్ల ఫోనే ఉంది. బండి సంగతులన్నిటికీ చూసినట్టే దీనికీ ఆయన బుడన్‌సాబ్ వైపు చూశాడు.

"అల్లుడిగారి నంబరు పెట్టమ్మా. ఫోన్ల యవ్వారమంతా ఆయనకే తెలుసు" అన్నాడు బుడన్‌సాబ్.

దొంగలెత్తుకుపోతే బండి ఎక్కడుందో తెలుస్తుందట, అంతే అతనికి అర్థమైంది. రెండడుగుల దూరంలో హారతి పళ్లెం పట్టుకుని యామిని నిలబడి ఉంది. ఆ పిల్లకూ ఫోను ఉంది, తలలో చదువూ ఉంది. ఆ పిల్ల నంబరు చెప్పాలని అక్కడున్న ఒక్కరికీ తోచలేదు. ఈ ముక్క రాస్తుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

నరేష్ నలుగురిలో ఉన్నప్పుడు వెన్నలాంటి మనిషి. ఇంట్లో పెళ్లాన్ని కొట్టేవాడు. ఒకసారి మణికట్టు విరిచాడు. యామిని రెండుసార్లు పుట్టింటికి వచ్చింది, నారాయణ రెండుసార్లూ సర్దిచెప్పి వెనక్కి పంపాడు. మూడోసారి ఆ పిల్ల పుట్టింటికి రాలేదు. కాలేజీలో తనతో చదువుకున్న స్వాతి అనే స్నేహితురాలి సాయంతో ధర్మవరం చేరింది. పట్టుచీరల అంగట్లో చీరలు మడిచి పెట్టెల్లో సర్దే పని, ఆడపిల్లల హాస్టల్లో ఒక మంచం. ఎక్కడున్నదీ ఇంట్లోవాళ్లలో తల్లికి మాత్రమే చెప్పింది. తండ్రికి తెలిస్తే మళ్లీ మొగుడికే అప్పగిస్తాడని ఆ పిల్ల భయం. అది ఉత్తి భయం కాదని తర్వాత తేలింది.

నీలావతమ్మకు మోకాళ్ల నొప్పులు నిజంగానే ఉన్నాయి. పుట్టపర్తి ఆసుపత్రిలో ఒకసారి చూపించుకుని వచ్చి, నెలకోసారి రమ్మన్నారని ఇంట్లో చెప్పింది. నెలలో రెండో గురువారం అనుకున్నారు. గురువారమైతే బుడన్‌సాబ్ పెనుకొండలో దర్గా దగ్గర బండి ఆపి, ఫాతెహా చదివించుకుని వస్తాడు. మొదటిసారి అక్కడే, అతను తిరిగొచ్చి తలుపు వేసుకోగానే, వెనక నుంచి ఆమె గొంతు వినబడింది.

"బుడన్‌సాబ్, ఈ పొద్దు పుట్టపర్తికి గాదు. ధర్మవరానికి పోవాల. మా యామిని ఆడుండాది. ఎవురికీ తెలీగూడదు."

"సరేమ్మా" అన్నాడు, లోపలి అద్దం కిందికి తిప్పకుండానే.

ఆ రోజు నుంచి అతను పడ్డ జాగ్రత్త చూడాలి. టోల్‌గేటు దాటితే నారాయణ ఫోనుకు మెసేజి వస్తుందని, టోలు లేని దారినే పోయేవాడు. తన ఫోను ఆపేసేవాడు. హాస్టలు వీధికి కారు తీసుకుపోయేవాడు కాదు, చీరల అంగళ్ల వీధి చివర ఆపితే ఆమె అక్కణ్నుంచి ఆటోలో పోయేది. సంచిలో కూతురికని చేసిన ఓళిగలు, చెనిక్కాయల పొడి. తిరిగి వచ్చేటప్పుడు ఆమె ఏడుస్తున్నదో నవ్వుతున్నదో అతనికి తెలియదు, చూడలేదు గనక. ఎనిమిది నెలలు ఇలా గడిచాయి. పిల్లకు కాస్త ఒళ్లు వచ్చిందని, జీతం పెంచారని, ఆమె తనలో తాను అనుకున్నట్టు వెనక నుంచి చెప్పేది. తల్లీబిడ్డల పాలిట అవే మంచి రోజులు.

తొమ్మిదో గురువారం నరేష్ ఆ అంగళ్ల వీధిలో ముందే కాసుకుని ఉన్నాడు. నీలావతమ్మ ఎక్కిన ఆటో వెనకాలే పోయాడు. హాస్టలు గుమ్మంలో తల్లి సంచి విప్పుతుండగా వెళ్లి యామిని చెయ్యి పట్టుకున్నాడు. నలుగురూ పోగయ్యేలా గొంతు పెంచి, నా పెళ్లానికి మతి బాగాలేదు, ఈమె తల్లి దాచిపెట్టింది అని చెప్పుకున్నాడు. హాస్టలామె భయపడి సామాన్లు బయట పెట్టించింది. అంగడి యజమాని మీ ఇంటి గొడవ మాకొద్దు తల్లీ అన్నాడు. కబురందుకుని నారాయణ వచ్చాడు. వచ్చి, కూతురి పక్కన కాకుండా అల్లుడి పక్కన నిలబడ్డాడు.

నీలావతమ్మ నరేష్‌ను ఒక్కటే అడిగింది, నీకెవరు చెప్పారని.

"మీ మనుషులే చెప్పినారు. నెలనెలా రెండో గురువారం వస్తారు. పోయిన నెల పదకొండూ ఇరవై రెండుకు వచ్చినారు, ఒకటీ నలభైకి పోయినారు. తెలీదనుకుంటిరా?" అని నరేష్ నవ్వాడు.

ఆ గురువారాల సంగతి తెలిసినవాళ్లు ముగ్గురే. తల్లి, కూతురు, డ్రైవరు. నీలావతమ్మ తల తిప్పి, గొడవ సంగతి ఎవరో చెప్పగా పరుగెత్తుకొచ్చిన బుడన్‌సాబ్ వైపు చూసింది. యామిని కూడా చూసింది. ఆ పిల్ల పోయి మొగుడి బండిలో కూర్చుంది. ఆ చూపు గురించి చెప్పబోయిన ప్రతిసారీ బుడన్‌సాబ్ సగంలోనే రోడ్డు సంగతి ఎత్తుకుంటాడు.

తర్వాత యామిని ఫోను మూగపోయింది. నరేష్ ఇల్లు మార్చాడు. కొత్త చిరునామా నారాయణకు తెలుసు గాని భార్యకు చెప్పడు. సంసారం చేసుకుంటోంది, నువ్వు చెడగొట్టొద్దు అంటాడు. పోలీసులకు చెబుదామంటే ఎక్కడుందని చెప్పాలి? నీలావతమ్మ అన్నం మానేసింది. మజ్జిగ తాగితే తాగినట్టు, లేకుంటే లేదు.

పది రోజుల తర్వాత బుడన్‌సాబ్ మా ఇంటికి వచ్చాడు. ముప్పై ఏళ్లుగా ఎవరి మాటా ఎవరికీ చెప్పనివాడు, ఆ రోజు మా వరండాలో కూర్చుని మొత్తం చెప్పాడు.

"నేను నోరు తెరవలేదు సార్. మా జమ్రూద్‌కు గూడా చెప్పలేదు. ఎవరు చెప్పినట్టు సార్?"

నాకు ఆ నిమిషాల దగ్గర అనుమానం తగిలింది. పదకొండూ ఇరవై రెండు. మనిషి చెబితే పదకొండు, పదకొండున్నర అంటాడు. ఇది మనిషి చెప్పిన లెక్క కాదు. మరునాడే అతన్ని వెంటబెట్టుకుని, కారు కొనేవాడిలా షోరూముకు పోయాను. అక్కడొక కుర్రవాడు ఉత్సాహంగా తన ఫోను తీసి మా ఇద్దరికీ చూపించాడు.

"ఇది మా సార్ బండి. మొన్న ఆదివారం పది పద్నాలుగుకు ఆమడగూరులో ఆగింది, పది యాభై ఒకటికి బయల్దేరింది. దోవలో మూడుసార్లు సడన్ బ్రేకు. ఆరు నెలలవి ఉంటాయి సార్, ఏ రోజు కావాలన్నా తీయొచ్చు. ఇంక డ్రైవర్ మీకు అబద్ధం చెప్పలేడు."

బుడన్‌సాబ్ నా పక్కనే నిలబడి ఆ మ్యాపు మీది గీతను చూస్తున్నాడు.

"బండి ఎక్కేవాళ్లకు ఈ సంగతి చెబుతారా?" అని అడిగాను.

"ఎందుకు సార్? ఓనరుకు తెలిస్తే చాలు కదా."

"ఓనరుది కాకుండా వేరేవాళ్ల నంబరు పెట్టి ఉంటే?"

"ఎవరి నంబరుంటే దానికి వాళ్లే ఓనరు సార్."

"ఆ నంబరు తీసెయ్యాలంటే?"

"ఈజీ సార్. ఆ నంబరుకే ఓటీపీ పోతుంది. వాళ్లు చెప్తే తీసేస్తాం."

ఆ కుర్రవాడి తప్పేం లేదు, వాడికి నేర్పింది వాడు చెప్పాడు. అయినా అరిచాను. కొట్టేవాడి చేతికే తాళం ఇచ్చి, విడిపించుకోవాలంటే వాడినే అడగమంటారా అని. వాడికేమీ అర్థం కాలేదు, మంచినీళ్లు తెప్పించాడు. బయటికి వచ్చేసరికి బుడన్‌సాబ్ మెట్ల మీద కూర్చుండిపోయి ఉన్నాడు.

"ఆ నంబరు పెట్టమన్నది నేనే సార్. ఆ పాప పక్కనే నిల్చుకోనుండె. ఆ పాప నంబరు చెప్పల్లని నాకు తోచలా" అన్నాడు. అని ఇంకా ఏదో చెప్పబోయి రెండు చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు.

కాసేపటికి తేరుకుని, నీలావతమ్మతో ఒక్క మాట చెప్పాలన్నాడు. తాను నోరు విప్పలేదని, బండే చెప్పిందని, ఆ నంబరు పాపం మాత్రం తనదేనని. అతనికి కావలసింది ఆ ఒక్కటే. అందరికంటే ఆమె తనను అలా అనుకోవడం భరించలేకపోతున్నాడు. నాకూ న్యాయమే అనిపించింది. నేను విడమరచి చెబుతాను పద అన్నాను. నా బండి పద్నాలుగేళ్ల పాతది, దానికి ఏమీ తెలియదు. దాంట్లోనే పోయాం.

మేం పోయేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. నారాయణ మల్బరీ తోటలో ఉన్నాడు. నీలావతమ్మ పంచలో స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది. మనిషి సగమైపోయింది, గాజులు మోచేతి దాకా జారుతున్నాయి.

"రాండి సార్. ఆయప్పను మాత్రం బైటనే ఉండమనండి" అంది, అతని వైపు చూడకుండా.

బుడన్‌సాబ్ వాకిట్లోనే ఆగిపోయాడు. నేను కూర్చుని, పాఠం చెప్పినట్టు మొదటి నుంచి చెప్పాను. యాప్ అంటే ఏమిటి, నంబరు ఎవరిది, బండి ఎక్కడ ఆగినా ఎంతసేపు ఆగినా నరేష్ ఫోనులో ఎలా పడుతుంది. బాగా చెబుతున్నానని నాలో నేను మెచ్చుకున్నాను కూడా. ముప్పై ఆరేళ్లు పాఠాలు చెప్పినవాణ్ని, వినేవాళ్ల ముఖం చూడాలన్న ఇంగితం ఆ పూట లేకపోయింది.

ఆమె అంతా విని నెమ్మదిగా అడిగింది. "అంటే సార్, నేను ఎక్కిన ప్రతిసారీ ఆ పాపిష్టోనికి తెలుస్తాండెనా?"

"తెలిసేది."

"నేను దిగిన తావు గూడా?"

"అదీ తెలిసేదమ్మా."

"అయితే నేను పోకుండా ఉండింటే నా బిడ్డ ఆడనే ఉండేది గదా సార్?"

అప్పుడు ఆమె ముఖం చూశాను.

"ఓళిగలు చేసుకోని పోతి. బిడ్డకు తినిపిద్దామని పొయ్యి, వానికి నేనే ఇల్లు సూపిచ్చి వస్తి" అంది. రెండోసారి కూడా అదే మాట అంది. తర్వాత తల స్తంభానికేసి కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఏడుపు లేదు, కేక లేదు. తల కొట్టుకుంటున్న చప్పుడొక్కటే. నేను లేచి ఆమె భుజాలు పట్టుకోబోయి, పట్టుకోలేక, అమ్మా అమ్మా అంటూ నిలబడ్డాను.

వాకిట్లో నుంచి బుడన్‌సాబ్ చెప్పులతోనే లోపలికి వచ్చేశాడు.

"అమ్మా, సారు చెప్పేదంతా కత. నన్ను కాపాడల్లని చూస్తాండాడు. బండి చెప్పేదేందమ్మా, దానికేం నోరుండాదా? నేనే చెప్పినా. మీ అల్లుడు దుడ్లిస్తానన్నాడు, ఆశపడినా."

ఆమె తల కొట్టుకోవడం ఆపింది. నేను నోరు తెరిచాను. అతను నా వైపు చూశాడు, చేతులు జోడించలేదన్న మాటే గాని అంత పనీ చేసింది ఆ చూపు. నేను నోరు మూసుకున్నాను. అందుకు నన్ను నేను ఈ రోజుకీ క్షమించుకోలేదు, తప్పు చేశానని కూడా అనలేను.

నీలావతమ్మ లేచింది. నేను చెప్పిందానికంటే అతను చెప్పింది నమ్మడం ఆమెకు తేలిక. అతని చొక్కా పట్టుకుని ఊపుతూ తిట్టింది. నీ నోట్లో మన్ను పడ అంది, నీ కూతుళ్లకూ ఇదే గతి పట్టాల అంది, నిన్ను ఇంటి మనిషనుకుంటినే అంది. కూతుళ్ల మాట వచ్చినప్పుడు అతని కళ్లు ఒక్కసారి మూతబడ్డాయి. అంతకుమించి కదల్లేదు. తిట్టి తిట్టి, ఆమె అతని కాళ్ల దగ్గరే కూలబడి బావురుమంది. యామిని పోయినప్పటి నుంచి ఆమె ఏడవనే లేదని పక్కింటామె తర్వాత చెప్పింది.

తిరిగి వచ్చేటప్పుడు సోమందేపల్లి దాటేదాకా ఓర్చుకున్నాను. తర్వాత ఆపుకోలేక కసిరాను. "ఏంటికి చెప్పినావయ్యా అట్ల? ముప్పై ఏండ్ల పేరు."

"నంబరు ఇచ్చింది నేనే గదా సార్. సగం నిజమే."

"సగం నిజానికి మొత్తం శిక్షా?"

అతను రోడ్డు వైపే చూస్తూ చెప్పాడు. "బిడ్డను నేనే పట్టిచ్చినానని తెలిసినాక ఏ తల్లి బతుకుతాది సార్? నన్ను తిట్టుకుంటా అన్నా బతకనీ. ఆయమ్మకు మాత్రం మీరు ఎప్పుడూ చెప్పగూడదు."

చెప్పనని మాటిచ్చాను. రాయనని ఇవ్వలేదు. ఆమె చదువుకోలేదు, ఇది అచ్చయిన పుస్తకం ఆమె చేతికి రాదు, వచ్చినా చదివి వినిపించే కూతురు దగ్గర లేదు.

వారం తిరక్కుండా మాట హిందూపురమంతా పాకింది. డ్రైవర్లు కూర్చునే చోట కుళ్లాయప్ప అనేవాడు, పాతికేళ్ల స్నేహితుడు, "నువ్వు మాతో కూసుంటే మా పిలుపులు గూడా పోతాయప్పా" అని మొహం మీదే అన్నాడు. జమ్రూద్‌కు జాకెట్లు తెచ్చే ఆడవాళ్లు తగ్గిపోయారు. ఆమెకు నిజం తెలుసు. ఒక రోజంతా మిషను మీద తల పెట్టుకుని ఉండిపోయిందంతే. బుడన్‌సాబ్ ఇప్పుడు హైవే పక్కన లారీలు తూకం వేసే చోట వాచ్‌మన్. నేను పిలిచినా రాడు. నన్ను ఎక్కించుకుంటే మీ పేరు గూడా పోతుంది సార్ అంటాడు. ఆ కారును ఇప్పుడు వేరే డ్రైవరు నడుపుతున్నాడు. అది ఎక్కడ ఆగిందీ ఇప్పటికీ నరేష్ ఫోనుకు పోతూనే ఉంది.

యామిని కబురు ఈ రోజుదాకా లేదు. నీలావతమ్మ మాత్రం పూటకింత అన్నం తింటోందట. బుడన్‌సాబ్‌ను తిట్టనిదే ఏ పూటా కంచం ముందు కూర్చోదట.